తాగుడు కేసు, మొదటి మాట నుంచి ఫైలు మూసేదాకా: నా అనుభవం

అనంతపురం వైపు ఆసుపత్రిలో సోషల్ వర్కర్ దగ్గరికి వచ్చే తాగుడు కేసు తాగే మనిషితో మొదలు కాదు. ముందు వచ్చేది భార్య, లేకుంటే తల్లి. ఓపీ చీటీ చేతిలో నలుపుకుంటూ, బల్ల అంచున కూచుని ఆమె అడిగేది దాదాపు ప్రతిసారీ ఒకటే: "సారూ, ఆయప్పకు తెలీకుండా అన్నంలో కలిపే మందుందంట కదా, అది ఇప్పియ్యండి." సోషల్ వర్క్ పాఠాల్లో నైతిక నియమాలు ఆఖరి అధ్యాయంలో వస్తాయి. పనిలో దిగితే మొదటి నిమిషంలోనే ఎదురవుతాయి.

ఆమె అడుగుతున్నది డైసల్ఫిరామ్. మద్యం ఒంట్లో ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, ఆ తర్వాత అదీ విరిగిపోతుంది. ఈ బిళ్ల ఆ రెండో మెట్టును ఆపేస్తుంది. బిళ్ల వేసుకున్న మనిషి తాగితే ఎసిటాల్డిహైడ్ పేరుకుని మొహం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు వస్తాయి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదికే రావచ్చు. బిళ్ల మానేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. తాను ఏం మింగాడో తెలియని మనిషి ఎప్పటిలాగే తాగి పడిపోతాడు. ఆసుపత్రికి మోసుకొచ్చినా అక్కడి డాక్టరుకు కారణం అంతుపట్టదు. అందుకే అతని సమ్మతి లేకుండా ఈ మందు ఇవ్వకూడదు. సమ్మతి ఉన్నా లివర్ పరీక్షలు, ఈసీజీ చూసి, ఆఖరి చుక్క పడి కనీసం 12 గంటలు గడిచాక డాక్టరు మొదలుపెట్టాలి. ఆల్కహాల్ కలిసిన దగ్గు టానిక్కులు కూడా వాడకూడదని మనిషికి ముందే చెప్పాలి.

అయితే "ఇవ్వం తల్లీ" అని ఊరుకుంటే ఆమె మెడికల్ షాపు దారి పడుతుంది, అక్కడ దొరకకపోతే నాటుమందు దారి. వద్దన్నప్పుడు ఆమె చేతిలో ఇంకేదైనా పెట్టి పంపాలి. నేను మూడు చెప్తాను. తాగి ఉన్నప్పుడు వాదం పెట్టుకోవద్దు, పొద్దున తేటగా ఉన్నప్పుడు మాట్లాడండి. "తాగుడు మాన్పిస్తారు రా" అని పిలవొద్దు. నిద్ర పట్టకపోవడమో, కడుపులో మంటో, చేతుల వణుకో, ఆయన్ను నిజంగా బాధపెడుతున్నది ఏదో దాని గురించే రమ్మనండి, ఇక్కడ ముందు చూసేదీ దాన్నే. మూడోది, ఆయన రాకపోయినా మీరు వచ్చే వారం రండి. మూడోదాన్ని చాలామంది సోషల్ వర్కర్లు చెప్పరు. కేసంటే తాగే మనిషే అనుకుంటారు. భార్య ఒక్కతే నాలుగు వారాలు వచ్చిన కుటుంబాల్లో ఐదో వారం ఆయన గేటు దగ్గరికైనా రావడం తరచూ చూస్తాం.

పంపేముందు, అత్తగారూ తోడొచ్చిన మరిదీ లేకుండా, ఆమెను అడగాల్సినవి రెండున్నాయి: "కొడతాడా?", "పిల్లల మీద చెయ్యి పడుతుందా?" ఇవి తోడొచ్చినవాళ్ల ముందు అడిగితే జవాబు ఎప్పుడూ "లేదు సార్" అనే. తోడొచ్చినవాళ్లను చీటీ రాయించుకు రమ్మని పంపిస్తే ఐదు నిమిషాలు దొరుకుతాయి, అంత చాలు. దెబ్బలున్నాయని తేలితే ఆ కేసులో భార్యాభర్తలను కలిపి కూచోబెట్టడం ఆపేయాలి. గదిలో ఆమె చెప్పిన మాటకు ఇంట్లో దెబ్బలు పడతాయి. 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి ఉన్నారని, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఉందని, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉందని చెప్పాలి. వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. నంబరు కాగితం మీద రాసిస్తే దాన్ని ఇంట్లో ఎవరు చూస్తారో ముందు అడగాలి. పిల్లలపై లైంగిక హింస బయటపడితే మాత్రం ఎవరి ఇష్టంతోనూ పనిలేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. ఈ మినహాయింపును మాట మొదలుపెట్టేముందే చెప్పాలి, విన్నాక చెబితే నమ్మకద్రోహం అవుతుంది.

ఇన్నేళ్లలో నాకు ఖాయంగా తెలిసింది, ఈ పనిలో కేసులు చెడేది సిద్ధాంతం తెలియక కాదు, వరస తప్పడం వల్ల. ఒళ్లు వణుకుతున్న మనిషికి కౌన్సెలింగ్ పెడతారు. దెబ్బల గురించి అడక్కుండానే ఫ్యామిలీ థెరపీ మొదలుపెడతారు. మనిషి ఇంకా మానాలనుకోకముందే మానే చిట్కాలు చెప్తారు.

ఆయన వచ్చిన రోజు మొదటి ప్రశ్న "ఎందుకు తాగుతున్నారు" కాదు, "ఆఖరున ఎప్పుడు తాగారు" అన్నది. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఆరేడు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి చెదురుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టరు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ సీసా పెడతాడు. ఏళ్ల తరబడి తాగి సరిగా తినని ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది, అందుకే ముందు థయామిన్. ఇది డాక్టరు చూసుకునే సంగతే. అయినా కుటుంబాన్ని ముందు కలిసేది మనమే కాబట్టి మనకూ తెలిసుండాలి. ఇదివరకు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని అడిగి, వచ్చాయంటే ఇంట్లోనే మాన్పించే మాట ఎత్తకుండా వార్డుకు పంపాలి.

మా వైపు ఈ ప్రమాదం ఎక్కువగా కనిపించే కాలం కార్తీకం. అయ్యప్ప మాల వేసుకున్న రోజే తాగుడు ఆపేస్తారు. మూడో రోజుకు స్వామి తూలుతుంటే "దీక్షలో ఏదో తప్పు జరిగింది" అనుకుంటారు. మాల వేసే ముందే గురుస్వామితోనో ఆశా కార్యకర్తతోనో ఒక మాట అనుకుని ఉంటే, రోజూ తాగేవాళ్లను వారం ముందుగా డాక్టరుకు చూపించి మందుల మీద మాన్పించవచ్చు. మాలతో తర్వాత మనకు వేరే ఉపయోగమూ ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

ఆయనతో ఆ మొదటి కూర్చోడంలోనే ఆత్మహత్య గురించి సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని కొత్తగా వచ్చినవాళ్లు జంకుతారు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. "బతుకు చాలనిపించిందా? చచ్చిపోదామని అనుకున్నారా? ఎప్పుడు?" అని మామూలు గొంతుతో అడగాలి. అవునంటే ఇంట్లో పురుగుమందు ఎక్కడుందో కనుక్కుని, తాళం వేసిన పెట్టెలోకో ఇంటి బయటికో చేర్పించి, తాళంచెవి వేరే మనిషికి ఇప్పించాలి. ఆ తర్వాత ఒకే కాగితం మీద ఆరు విషయాలు ఆయన మాటల్లోనే రాయాలి: కష్టం ముంచుకొస్తోందని ఎలా తెలుస్తుంది, ఒంటరిగా ఏం చేస్తే కాస్త తగ్గుతుంది, ఎవరి దగ్గర కూచుంటే మనసు మళ్లుతుంది, ఎవరికి విషయం చెప్పుకోగలరు, ఏ ఆసుపత్రికి లేదా ఏ నంబరుకు చేయాలి, ఇంట్లో ఏది తీసేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఇదివరకే ప్రయత్నం చేసిన మనిషైతే కుటుంబానికి పోలీసు కేసు భయం ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలంటుంది. వేరుగా రుజువైతే తప్ప శిక్ష ఉండదు. ఈ ఒక్క మాటకే మూసుకున్న నోళ్లు తెరుచుకుంటాయి.

ఎంత తాగుతారన్నది లెక్క తేల్చాలి. "కొంచెమే సార్" అన్నది లెక్క కాదు. ఎన్ని క్వార్టర్లు, ఎవరితో, రోజుకు ఎంత ఖర్చు అని అడిగితే నిజానికి దగ్గరగా వస్తారు. ఒక క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం ఆల్కహాల్. అంటే సుమారు 60 గ్రాములు, 10 గ్రాముల లెక్కన ఆరు డ్రింకులు. రోజుకు క్వార్టరే అని చిన్నగా చెప్పే మనిషి వారానికి 42 డ్రింకులు తాగుతున్నాడన్నమాట. తాగుడు ఎంత ముదిరిందో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ (AUDIT) అనే ప్రశ్నావళిలో పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే హాని చేసే తాగుడు, 20 గానీ అంతకు మించి గానీ వస్తే అలవాటు బానిసత్వం దాకా వచ్చిందేమో చూడాలి. ఆ ప్రశ్నల్లో ఉన్న డ్రింకును మనవాళ్ల నైంటీ, క్వార్టర్లలోకి మార్చకుండా చదివితే మార్కులు తప్పొస్తాయి. ఒక నైంటీని ఒక డ్రింకుగా వేసేవాళ్లను చూశాను, అది మూడు.

రెండో కూర్చోడంలో కాగితం మీద రెండు బొమ్మలు గీస్తాం. మొదటిది జెనోగ్రామ్, మూడు తరాల వంశవృక్షం. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, చనిపోయినవాళ్లకు ఇంటూ గుర్తు. తాత తాగేవాడు, చిన్నాయన తాగే పోయాడు అని తానే చెప్తూ గీయిస్తే, మనం ఒక్క ముక్క మాట్లాడకుండానే ఆయన కాసేపు ఆ కాగితం వైపు చూస్తుండిపోతాడు. రెండోది ఎకోమ్యాప్. 1975లో ఆన్ హార్ట్‌మన్ అనే సోషల్ వర్క్ అధ్యాపకురాలు రూపొందించింది. మధ్యలో ఇల్లు, చుట్టూ ఆ ఇంటిని మోసేవీ, ఆ ఇంటిని పీల్చేవీ. మా వైపు ఆ సున్నాల్లో రాసేవి వేరు: ఎండిపోయిన బోరు, బ్యాంకు పంట రుణం, భార్య పొదుపు సంఘం, నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు, బెంగళూరు వలస వెళ్లిన కొడుకు, బ్రాందీ షాపు, రచ్చకట్ట స్నేహాలు. బలమైన బంధానికి లావు గీత, పలచబడినదానికి చుక్కల గీత, ఒత్తిడి ఉన్నచోట అడ్డగీతలు. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని ఆ బొమ్మ పక్కనే రాస్తే, మాట తాగుడు నుంచి అప్పు మీదికి మళ్లుతుంది. మళ్లనివ్వాలి. 1917లో సోషల్ వర్క్‌కు పునాది వేసినవాళ్లలో ఒకరైన మేరీ రిచ్‌మండ్ మనిషినీ పరిసరాన్నీ కలిపి చూడమన్నప్పటి నుంచీ ఈ వృత్తికి ఉన్న ప్రత్యేకత అదే. బ్యాంకు మేనేజరు దగ్గరికి ఏ కాగితాలతో వెళ్లాలో చెప్పడం కూడా చికిత్సే, "థెరపీ మాత్రమే చేస్తాం" అనే సోషల్ వర్కర్లతో నాకు పేచీ ఇక్కడే.

ఆ తర్వాత మాన్పించే మాటలు కాదు, మానాలనిపించే మాటలు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే ఈ పద్ధతిని 1983లో విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త ముందుకు తెచ్చాడు. అందులోని మూల విషయం, మానడానికి కారణాలు మనం చెప్తే ఆయన తాగడానికి కారణాలు చెప్తాడు. చక్కదిద్దాలన్న మన తహతహే అడ్డం. సున్నా నుంచి పదిలో ఎంత అని అడగమంటారు. చదువు లేని పెద్దవాళ్ల దగ్గర ఆ కొలత పనిచేయదు, అణాలైతే పనిచేస్తాయి. "రూపాయిలో ఎన్నణాలు మానాలనుంది?" "నాలుగణాలు సార్." అప్పుడు "పదహారణాలు ఎందుకు కాదు?" అని అడిగితే చెడింది, ఆయన సాకులు చెప్తాడు. "రెండణాలు ఎందుకు కాలేదు?" అని అడగాలి. "కూతురి పెళ్లి ఉంది కదా సార్" అని కారణం ఆయన నోటి నుంచే వస్తుంది. ఆ మాటను అలాగే తిరిగి ఆయనకు చెప్పి ఆగిపోవాలి. తర్వాత విడిగా మరో కొలత: "మానగలననే ధైర్యం ఎన్నణాలు?" మొదటిది పద్నాలుగు, రెండోది మూడు అయితే బోధ అక్కర్లేదు, పద్ధతులు కావాలి. రెండూ కలిపి అడిగితే ఈ తేడా కనపడదు.

మాల ఉపయోగపడేది ఇక్కడే. ఎప్పుడు సమస్య లేదో వెతకమంటుంది స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ తీర్చిన పరిష్కార కేంద్రిత పద్ధతి. "రెండేళ్ల కింద మాల వేశారు కదా, 41 రోజులు ఎలా ఉన్నారు?" అని అడగండి. దేవుడి దయ అనే అంటారు. వదలకూడదు. పొద్దున ఎన్నింటికి లేచేవారు, సాయంత్రం ఎవరితో ఉండేవారు, భిక్ష ఎక్కడ, రాత్రి ఏం తినేవారు? భజన, గుంపు, చన్నీళ్ల స్నానం, "స్వామీ" అని పిలిచే మర్యాద, అన్నీ బయటికొస్తాయి. వాటిలో మాల లేకున్నా మిగిలేవి ఏవో ఆయనతోనే ఏరించాలి. శబరిమల నుంచి తిరిగొచ్చిన వారంలోనే మళ్లీ మొదలయ్యేది ఆ సాయంత్రపు గుంపు చెదిరిపోవడం వల్ల అని చాలామంది తామే చెప్తారు.

మానాక నిలబెట్టే పనిలో, ఆలోచనలనూ అలవాట్లనూ గమనించి మార్చుకునే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ వాడతాం, కానీ పుస్తకంలో ఉన్న ఆలోచనల పట్టిక రాయించలేం. అక్షరం రాని మనిషికి రెండు డబ్బాలిచ్చి, కోరిక పుట్టినా తాగకుండా గడిచిన ప్రతిసారీ ఒక శెనగ్గింజను ఒకదాంట్లో, తాగితే రెండోదాంట్లో వేయమంటే రికార్డు తయారు. కోరిక అలలా లేచి సాధారణంగా అరగంటలో దిగిపోతుంది. ఆ అరగంటకు ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి: కడుపునిండా తినడం, నీళ్లు తాగడం, ఇల్లు దాటకపోవడం, ఒకరికి ఫోను. ఆయన ప్రమాద వేళల జాబితా ఆయన జీవితంలోంచే రావాలి. మండీలో కాయలు తూకమేసి డబ్బు చేతికొచ్చిన గంట, శనివారం కూలి బట్వాడా, దినాల భోజనం, బెంగళూరు నుంచి బావమరిది వచ్చిన ఆదివారం. "ఒక్క పెగ్గుకేమవుతుంది మామా" అన్నప్పుడు చెప్పే మాటను గదిలో మూడునాలుగు సార్లు పలికించాలి. "డాక్టరు వద్దన్నాడు" అనేది బలహీనమైన జవాబు, బలవంతం పెంచుతుంది. "బిళ్లలు వాడుతున్నా, తాగితే పడిపోతా" అన్నదానికి ఎదురు రాదు, నిజంగా డైసల్ఫిరామ్ మీద ఉన్నవాళ్లకు.

ఒకసారి జారడం వేరు, పూర్తిగా పడిపోవడం వేరు అని మొదటి నెలలోనే చెప్పాలి. అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త ఈ తేడాను గట్టిగా చెప్పాడు. ఒక్కసారి తాగిన మనిషి "ఇంక అయిపోయింది" అనుకోవడం వల్లే రెండో సీసా తెరుస్తాడు. తాగితే 48 గంటల్లోపు రావాలని ఒప్పందం, వస్తే తిట్లు ఉండవని హామీ. ఇంట్లోవాళ్లకూ అదే చెప్పాలి.

కుటుంబం దగ్గర ఎవరూ ఊహించనిది, మానాక రెండో నెలలో గొడవలు పెరగడం. పదేళ్లుగా డబ్బు, పిల్లల చదువు, పెళ్లి మాటలు అన్నీ ఆమె చేతిలో నడిచాయి. ఇప్పుడాయన తేటగా ఉండి "నాకు చెప్పకుండా ఎవరు చేయమన్నారు" అంటాడు. తండ్రికీ తల్లికీ మధ్య మాటలు మోసిన పెద్దకూతురికి ఉన్నట్టుండి పని లేకుండా పోతుంది. ఇంటి పొందిక తాగుడు చుట్టూ అల్లుకుని ఉంటే, తాగుడు తీసేసినప్పుడు అది కూలుతుంది. "తాగినప్పుడే మేలు" అనే మాట భార్య నోట వింటే భయపడక్కర్లేదు. ఆ నెలలో ఒక్కటే ఇంటిపని ఇస్తాను: వారానికో సాయంత్రం, అరగంట, డబ్బు లెక్క ఇద్దరూ కలిసి చూడటం. అంతకు మించి పెట్టుకుంటే నిలవదు.

గోప్యత ఇక్కడ ఎలా పోతుందో చెప్పాలి. ఫోను ఇంటికి ఒక్కటే, అది స్పీకర్‌లో ఉంటుంది. కాబట్టి "ఆసుపత్రి నుంచి" అని మొదలెట్టకుండా, ఏం చెప్పి ఫోను చేయాలో ముందే అడిగి ఫైలులో రాసుకుంటాం. ఇంటికి వెళ్లినప్పుడు జీపు గుడి దగ్గర ఆపితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. సచివాలయం సిబ్బంది, ఆశా మంచి ఉద్దేశంతోనే "మానేశాడా?" అని అడుగుతారు. జవాబు "ఆయన్నే అడగండి". 2017 చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఈ సమాచారం ఆయనది. ప్రాణాపాయం ఆపడానికీ, ఇంకొకరికి హాని జరగకుండా చూడటానికీ, అదీ అవసరమైనంతే బయటికి చెప్పవచ్చు. 25వ సెక్షన్ కింద తన రికార్డు చూసే హక్కు ఆయనకుంది. అందుకే ఫైలులో "తాగుబోతు", "మాట వినడు" అని రాయకూడదు. "రోజుకు 360 మి.లీ., మూడేళ్లుగా, ఆఖరున నిన్న రాత్రి 9కి" అని రాస్తే ఎవరు చదివినా ఇబ్బంది లేదు.

"మీదే ఊరు సార్? ఇంటిపేరు?" అనే ప్రశ్న రెండో కూర్చోడంలో తప్పకుండా వస్తుంది, దాని వెనక కులం ఉంటుంది. ఊరు చెప్పేస్తాను, మిగతాది నవ్వి దాటేస్తాను. అన్నా, అక్కా అని పిలవొద్దంటే ఇక్కడ కుదరదు, పిలవనివ్వాలి, పెళ్లికి పిలిస్తే వెళ్లకూడదు. శెనక్కాయల మూట తెస్తే పిడికెడు తీసుకుని అందరి ముందే వార్డులో పంచి, మూట వెనక్కి పంపడం మా పద్ధతి. పూర్తిగా తిరస్కరిస్తే అవమానపడతారు, మొత్తం తీసుకుంటే వచ్చేవారం "సర్టిఫికెట్ రాయించండి" అంటారు. దగ్గరి బంధువు కేసైతే మొదటి రోజే ఇంకొకరికి అప్పజెప్పాలి. సోషల్ వర్కర్‌కూ సాయం కోరి వచ్చినవాళ్లకూ మధ్య సంబంధం గురించి బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు సూత్రాల్లో హద్దులెరిగిన స్పందన అనే దాన్ని ఇక్కడ మూట బరువుతో కొలవాల్సి వస్తుంది.

కూర్చోడాల లెక్క: మొదటి నెల వారానికొకటి, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకొకటి, ఆపైన నెలకొకటి. పుస్తకం 50 నిమిషాలంటుంది. ఓపీలో 20 దొరికితే గొప్ప. మొదటిదానికి మాత్రం ఎలాగైనా 45 చూసుకోవాలి, అందుకు మధ్యాహ్నం రద్దీ తగ్గాక రమ్మంటాం. బస్సు ఛార్జీ, ఒకరోజు కూలి పోవడం, ఈ రెండింటి వల్ల మానేసేవాళ్లే ఎక్కువ. అందుకే డాక్టరు తేదీ, మన తేదీ ఒకేరోజు పడేలా చూడాలి.

ఫైలు మూసేది ఆరు నెలలకో ఏడాదికో కాదు. జూన్, జూలైలో వేసిన వేరుశెనగ అక్టోబరు, నవంబరులో చేతికొస్తుంది. ఆ డబ్బు ఇంట్లోకి వచ్చి, అప్పులవాళ్లు వచ్చి, ఆ రెండు వారాలు గడిచాకే మూసివేత నోటు రాస్తాం. అందులో నాలుగు సంగతులుంటాయి: ఆఖరున తాగిన తేదీ, వాడుతున్న మందులు, ఆయన చెప్పిన మూడు ప్రమాద వేళలు, మళ్లీ రావాల్సి వస్తే ఎవరిని అడగాలో. నోటు ఆయనకు చదివి వినిపించి, కాదన్న మాట ఉంటే దిద్ది, వేలిముద్రో సంతకమో తీసుకుంటాం. ఆ ఏడు వాన లేక కాయ రాకపోతే పంట డబ్బు పరీక్షే జరగలేదు కాబట్టి ఫైలు తెరిచే ఉంటుంది. ఎకోమ్యాప్ మీద అప్పుల గీతలు మళ్లీ గీసి, తర్వాతి తేదీ వేస్తాం.